తొమ్మిదో కొలిమి కడ్డీ

స్వాన్సీ ఊళ్లో ఇంటిపేర్లకు కరువు. వీధి మధ్యలో నిలబడి డేవిస్ అని కేకేస్తే సగం తలుపులు తెరుచుకుంటాయి. అందుకని మనిషి చేసే పనిని బట్టి ఊరు తగిలించిన పేరే అసలు పేరుగా చలామణీ అయ్యేది. పాల డేవిస్, శవపెట్టెల జోన్స్, అలాగన్నమాట. లాండోర్‌లో తావే నది ఒడ్డున, పాత రాగి కర్మాగారాల మొండిగోడల పక్కన, లోహాలు పరీక్షించే చిన్న ప్రయోగశాల ఒకటుండేది. అక్కడ పనిచేసే నెరిస్ బౌవెన్‌ని అందరూ స్కేలు నెరిస్ అనేవాళ్లు. ఆమె గీసినంత నిఖార్సయిన గీత ఆ లోయలో ఇంకెవరూ గీయలేరని పేరు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నెరిస్ లోలోపల మురిసిపోయేది.

ఆ ప్రయోగశాల పని ఏమిటో చెబితే బయటివాళ్లు నవ్వేవాళ్లు. నికెల్ మిశ్రమంతో చేసిన సన్నటి కడ్డీలను గొట్టాల్లాంటి కొలిముల్లో నిలువుగా వేలాడదీసి, కింద బరువులు కట్టి, ఎర్రగా కాలుతూ అవి సాగుతుంటే నెలల తరబడి చూస్తూ కూర్చోవడం. నెరిస్ తండ్రి ఎమ్రిస్ తగరపు రేకుల ఫ్యాక్టరీలో జీవితమంతా రోలర్ల దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన లెక్కలో లోహమంటే పొద్దున దిమ్మగా వచ్చి సాయంత్రానికి రేకై వెళ్లిపోవాలి. ఏడాదికి వెంట్రుకంత సాగే లోహం దగ్గర డిగ్రీ చదివిన కూతురు కాపలా కాయడం ఆయనకు ఎంతకీ అంతుపట్టేది కాదు.

కానీ ఆ వెంట్రుకంతలోనే ఉంది సంగతంతా. విమానం ఇంజనులో మంట ఎదురుగా గిర్రున తిరిగే బ్లేడ్లుంటాయి. తిరిగే ఊపుకి ప్రతి బ్లేడూ తనను తానే బయటికి లాక్కుంటుంది. కరగదు, విరగదు, గోరు పెరిగినట్టు కంటికి తెలియకుండా సాగుతుంది. బ్లేడు కొసకీ, చుట్టూ ఉండే కవచానికీ నడుమ కాస్త సందు వదులుతారు. ఎక్కువ వదిలితే వేడిగాలి అందులోంచి జారిపోయి ఇంధనం దండగ. తక్కువ వదిలితే ఏదో ఒకరోజు బ్లేడు వెళ్లి కవచాన్ని ఒరుసుకుంటుంది. ఏళ్లపాటు ఎగిరాక ఎంత సాగుతుందో ముందే చెప్పగలిగితేనే ఎంత సందు వదలాలో తెలుస్తుంది. అన్నేళ్లు ఆగి చూసే తీరిక ఎవరికుంటుంది? అందుకే కొలిమిలో వేడి పెంచి, బరువు పెంచి, నెలల్లో సాగినదాన్ని బట్టి ఏళ్ల సంగతి ఊహిస్తారు.

ఆ ఊహకు ఆధారం ఒక గీత. కడ్డీ సాగుడు గ్రాఫు వేస్తే మొదట చురుగ్గా పైకి లేస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, మధ్యలో చాలా దూరం తిన్నగా పోతున్నట్టుంటుంది, చివర్లో మళ్లీ జోరందుకుని కడ్డీ తెగడంతో ఆగిపోతుంది. ఆ మధ్యభాగం మీద స్కేలు పెట్టి గీత గీసి, దాని వాలు కొలిచి, ఆ వాలునే బ్లేడు జీవితం పొడుగునా పరిచేవాళ్లు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఇడ్వల్ ప్రోథెరో ఆ గీత మీద తల నెరిసిన మనిషి. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే పిలిచి ఒక గాజులాంటి ప్లాస్టిక్ స్కేలు చేతిలో పెట్టేవారు. మగవాళ్లు దాన్ని కోటు పైజేబులో దువ్వెనలా గుచ్చుకు తిరిగేవాళ్లు.

ఇదంతా డెబ్బైల చివర్లో మాట. స్వాన్సీ ఫుట్‌బాల్ జట్టు మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ ఊరిని పిచ్చెక్కిస్తున్న రోజులు. అక్టోబరులో ఒక శనివారం, వెచ్ మైదానంలో మనవాళ్లు గోలు కొట్టగానే నెరిస్ రెండు చేతులూ పైకెత్తి ఎగిరింది. దిగేటప్పుడు మెట్టు దొరకలేదు. కుడి మణికట్టు విరిగింది. సోమవారం చేతికి పట్టీతో వచ్చిన ఆమెను చూసి, కొలిముల బాధ్యత చూసే ట్రెఫోర్ పెదవి విరిచాడు.

"గోలు వాళ్లు కొడితే ఎముక నీదెందుకు విరిగిందమ్మడూ?"

దాంతో గీతల పని మిగతావాళ్ల మీద పడింది. నెరిస్ ఎడంచేత్తో కాగితాలు సర్దుతూ కూర్చుంది. ఒకే కడ్డీ గ్రాఫు పొరపాటున ఇద్దరి బల్లల మీదికి వెళ్లి, రెండు గీతలతో తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది. రెండు వాలులూ పక్కపక్కన పెట్టి చూస్తే పొంతనే లేదు. ఒకదానికంటే ఒకటి మూడోవంతు ఎక్కువ. ఎవరో నిర్లక్ష్యంగా గీశారనుకుంది. ఇద్దర్నీ అడిగితే ఇద్దరూ ఎదుటివాడి పేరే చెప్పారు.

నెరిస్‌కి సరదా పుట్టింది. ఆ గ్రాఫుకి కాపీలు తీసి ప్రయోగశాలలో అందరికీ పంచింది. ట్రెఫోర్ కాగితాన్ని కంటి మట్టానికి ఎత్తి, తుపాకీ గురి చూసినట్టు చూసి గీశాడు. టైపిస్టు మెన్నా నాలుక పళ్ల మధ్య బిగించి గీసింది. ప్రోథెరో గారు టీ తాగుతూనే, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా గీసిచ్చారు. సాయంత్రం కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూసింది నెరిస్. గీతలన్నీ విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక్కో మనిషికి తిన్నని భాగం ఒక్కో చోట మొదలై ఒక్కో చోట ముగిసింది. అందరికంటే నీటుగా ఉన్న గీత ప్రోథెరో గారిది. అది మిగతావాటిలో ఒక్కదానితోనూ కలవలేదు.

అప్పుడు తన పాత గీత కూడా తీసి పెట్టి చూడాలనిపించింది. అది పుల్లల మధ్య మరో పుల్ల.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందో లేదో గానీ, మర్నాడు పొద్దున్నే వచ్చి స్కేలు సొరుగులో పడేసింది. గ్రాఫుని పక్కనబెట్టి అసలు అంకెలు ముందేసుకుంది. ఒక చుక్క నుంచి పక్క చుక్కకి ఎంత సాగింది, దాని తర్వాతి చుక్కకి ఎంత, అలా ముక్కముక్కగా వాలు లెక్కగట్టుకుంటూ పోయింది. వాలు తగ్గుతూ వచ్చింది. తగ్గీ తగ్గీ ఒకచోట అడుగు తాకింది. తాకీ తాకగానే పెరగడం మొదలుపెట్టింది. అడుగున నిలిచింది లేదు. ఇంకో కడ్డీ తీసింది, అదీ అంతే. ఇంకోటి, అదీ అంతే. మధ్యాహ్నానికి ఆమె బుగ్గలు కొలిమి ముందు నిలబడ్డట్టు కందిపోయాయి. కొలిముల గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"చదును లేదు ట్రెఫ్. ఎక్కడా లేదు. పైన రొండా లోయల్లో చూడు, ఇటు కొండ దిగడం, అటు కొండ ఎక్కడం, మధ్యలో నేల ఉండదు. ఇదీ అలాంటిదే. మనం మాత్రం ఇన్నేళ్లుగా అక్కడ బల్లపరుపు మైదానం ఉందనుకుని ఆడుతున్నాం."

ట్రెఫోర్ చిప్స్ పొట్లం ఆమె ముందుకు జరిపాడు. "తిని మాట్లాడు. స్కేలు నెరిస్ వచ్చి గీతే లేదంటే వినేవాడికి కళ్లు తిరుగుతాయి."

తిన్నదో లేదో ఆమెకే తెలియదు. ఆలోచన ముందుకు ఉరుకుతోంది. లోహంలో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. సాగేకొద్దీ అది గట్టిపడి నెమ్మదిస్తోంది. అదే సమయంలో లోపల బలహీనపడి జోరందుకుంటోంది. మొదట్లో మొదటిది గెలుస్తుంది, చివర్లో రెండోది. రెండూ సరిసమానమైన ఆ కాసేపూ చూసే కంటికి నిలకడలా కనిపిస్తుంది. అయితే గ్రాఫు మొత్తాన్నీ ఆ రెండింటి మొత్తంగా రాసెయ్యొచ్చు. తగ్గేదానికి రెండు అంకెలు, పెరిగేదానికి రెండు. నాలుగే నాలుగు అంకెలతో కడ్డీ పుట్టుక నుంచి తెగేదాకా కథంతా చెప్పొచ్చు.

ఆ చలికాలమంతా నెరిస్ నేల మీద లేదు. తన లెక్కని రంధ్రాలుగా పొడిచిన కార్డుల కట్టలు సంచిలో వేసుకుని, వానలో బస్సెక్కి, కాలేజీ కంప్యూటరు దగ్గర వరసలో నిలబడేది. కార్డు ఒకటి తడిస్తే కట్ట మొత్తం తిరిగొచ్చేది. మళ్లీ వెళ్లేది. పాత కడ్డీలన్నిటికీ తన నాలుగు అంకెలు సరిపోయాయి. అంతకంటే గొప్ప సంగతి మరోటి బయటపడింది. వేడి మారినా, బరువు మారినా ఆ అంకెలు గెంతులు వేయలేదు, పద్ధతిగా మారాయి. అంటే ఎప్పుడూ పరీక్షించని వేడి దగ్గర కూడా కడ్డీ ఎలా సాగుతుందో కూర్చున్న చోటి నుంచే చెప్పొచ్చు. ఆరోజు బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడకి కారణం చెప్పకుండా, సంచిలో ఉన్న కేకుల్లో సగం ఇచ్చేసింది.

ప్రోథెరో గారు ఆమె కాగితాలు రెండు రోజులు తన దగ్గర ఉంచుకున్నారు. తర్వాత పిలిపించారు. లెక్కలో తప్పు లేదని ముందే ఒప్పుకున్నారు. అయితే, జరిగిపోయిన వాటికి ఏ లెక్కయినా అతికించొచ్చని, నాలుగు అంకెలు చేతికిస్తే తన అత్తగారి మొహం కూడా గీసి చూపిస్తానని అన్నారు. గీతతో కట్టిన బ్లేడ్లు ఇన్నేళ్లూ ఎగరలేదా అని అడిగారు. ఇంజన్ల కంపెనీ ఇప్పుడు కట్టబోయే కొత్త బ్లేడు ఇంతకుముందు వాటికంటే వేడిగా తిరగబోతోందని, వేడి పెరిగేకొద్దీ ఆ చివరి జోరు ముందుకు జరిగి వస్తుందని నెరిస్ జవాబు చెప్పింది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"సరేనమ్మా. జరగబోయేది చెప్పు. నీ కళ్లతో చూడని కడ్డీ గురించి చెప్పు. అది నిజమైతే నేనే నీ వెనకాల నిలబడతాను."

చూడని కడ్డీ ఒకటుంది. నెరిస్ మణికట్టు విరిగిన ఆ శనివారం పొద్దునే ట్రెఫోర్ దాన్ని తొమ్మిదో కొలిమిలో వేలాడదీశాడు. మిగతావాటికంటే తక్కువ వేడిలో నెమ్మదిగా, నెలల తరబడి సాగుతున్న కడ్డీ. దాని అంకెలు ఇప్పటిదాకా ఆమె ముట్టలేదు. ఈస్టరుకి ఏడు వారాల తర్వాత వచ్చే విట్సన్ పండగ వెళ్లిన మంగళవారం, సెవెర్న్ నది అవతలి ఇంజన్ల కంపెనీ నుంచి లావెల్ అనే ఇంజనీరు వస్తాడు. బ్లేడుకి ఎంత సందు వదలాలో నిర్ణయించే అంకె పట్టుకుని సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. ఆరోజుకి తొమ్మిదో కొలిమి కడ్డీ ఎంత సాగి ఉంటుందో గీత లెక్కన ప్రోథెరో గారు, తన లెక్కన నెరిస్ ముందే చెప్పాలి. ఎవరిది నిజమైతే వాళ్ల లెక్కతో లావెల్ బ్లేడు కడతాడు.

నెరిస్ ఓడితే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. ఆమె ఉద్యోగం ఆ బ్లేడు పని ఉన్నంతవరకే. గీత చాలనుకుంటే లెక్కల మనిషితో పనిలేదు. ఊళ్లోనే వాహనాల లైసెన్సుల ఆఫీసులో ఖాళీ ఉంది, తండ్రి అప్పటికే అక్కడివాళ్లతో మాట్లాడి ఉంచాడు. మంగళవారం దాటితే ఆ ఖాళీ ఉండదు.

కొలిముల గదిలో నల్లబల్ల మీద ప్రోథెరో గారు సుద్దముక్కతో ఒక శాతం అని రాశారు. దాని కింద నెరిస్ రెండు శాతం అని రాసింది. ట్రెఫోర్ పందేలు కట్టించాడు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి సంతలో ఉడికించి వెనిగరు చల్లి అమ్మే సముద్రపు గుల్లలు కొనిపెట్టాలి. తొమ్మిదో కొలిమి చుట్టుపక్కలకి నెరిస్ రాకుండా నేల మీద సుద్దతో గిరి గీశాడు. "దాటావో, మీ నాన్నకి చెబుతా," అన్నాడు.

వారాలు గడిచేకొద్దీ ఆ గిరి దగ్గర ఆమె అడుగు ఆగిపోయేది. కడ్డీ సాగుడు చూపే డయల్ చదివి వచ్చే ట్రెఫోర్ మొహంలోకి చూసేది. మొదట్లో అతను కన్నుగీటేవాడు. ఈస్టరు తర్వాత కన్నుగీటడం మానేశాడు. తర్వాత్తర్వాత చూపు తప్పించి, టీ పెడతానంటూ పక్క గదిలోకి వెళ్లిపోయేవాడు. నెరిస్ మళ్లీ కూర్చుని మొదటినుంచీ లెక్క సరిచూసుకునేది. రెండే వచ్చేది.

మంగళవారం వచ్చింది. లావెల్ పొడుగాటి మనిషి, గొడుగు మడిచి మూలన పెట్టి నేరుగా నల్లబల్ల ముందు నిలబడ్డాడు. రెండు అంకెలూ చూశాడు. ట్రెఫోర్ డయల్ దగ్గర వంగి, కళ్లు చికిలించి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూసి చదివాడు.

"ఒకటి పాయింట్ రెండు నాలుగు."

రెండుకి ఎంతో దూరం, ఒకటికి కూతవేటు దూరం. లావెల్ పుస్తకం తెరిచి, గీత లెక్కకే కాస్త కలుపుకుని రాసుకుంటానన్నాడు. లెక్కని అంత దూరం తెచ్చినందుకు ఆమె శ్రమని మెచ్చుకుంటూ ఒక మంచిమాట కూడా అన్నాడు. నెరిస్ తల ఊపింది. గీత మీద పందెం కట్టిన మెన్నా మొహంలో కూడా గెలిచిన సంబరం లేదు.

ప్రోథెరో గారు మాత్రం కోటు విప్పి చొక్కా చేతులు మడుస్తున్నారు. వేడి కొలవడానికి మొదటిరోజే కడ్డీకి కట్టే తీగ ఉన్నా, పరీక్ష ముగించేముందు ప్రతి కొలిమిలోకీ అలాంటి రెండో తీగను దించి కడ్డీని తడిమి చూడటం ఆయన అలవాటు. గెలిచిన పరీక్షకైనా సరే మినహాయింపు లేదు. తీగ దించారు. మీటరు చూశారు. పైకి తీసి, మళ్లీ దించి చూశారు. టార్చి తెమ్మని ట్రెఫోర్‌కి చెప్పి, కొలిమి మూతిలోకి తొంగిచూశారు.

"మొదటి తీగ కడ్డీకి లేదు. జారి గోడకేసి చూస్తోంది. కొలిమి గోడ వేడిని కడ్డీ వేడి అనుకుని నెలలుగా మనం మోసపోయాం. కడ్డీ పదిహేను డిగ్రీలు తక్కువలో ఉంది." ఆయన వెనక్కి తిరిగారు. "ముడి ఎవరేశారు?"

ట్రెఫోర్ టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. "నేనే. మ్యాచి రోజు. రెండు ముళ్లు వేయాలి, ఒక్కటే వేశాను. గేటు దగ్గర అప్పటికే వరస కట్టారని మా బావమరిది ఒకటే గోల."

ఎవరికీ నవ్వు రాలేదు. వేడి తప్పిన పరీక్ష చెల్లదు, అది అక్కడి నియమం. ప్రోథెరో గారే నల్లబల్ల దగ్గరికి వెళ్లి తన అంకెనీ, నెరిస్ అంకెనీ కలిపి అడ్డంగా కొట్టేశారు. పరీక్ష లేకపోతే పాత పద్ధతే మిగులుతుందని, రైలుకి టైమవుతోందని లావెల్ గొడుగు అందుకున్నాడు.

నెరిస్‌కి అప్పుడు తట్టింది. ఇది ఓటమి కాదు. తను వేసింది తప్పు వేడికి లెక్క. సరైన వేడి ఇప్పుడు తెలిసింది.

"కొట్టెయ్యకండి డాక్టరు గారూ. ఆ వేడి ఎంతో కచ్చితంగా చెప్పండి. ఇప్పుడే చెబుతా ఎంత సాగాలో."

"ఆ వేడిలో మనం ఎన్నడూ పరీక్ష చెయ్యలేదు కదమ్మా."

"నాకు పరీక్ష అక్కర్లేదు."

ఆ మాట అనేశాక తనే ఉలిక్కిపడింది. ప్రోథెరో గారు మీటరు మరోసారి చూసి అంకె చెప్పారు. నెరిస్ జేబులోంచి క్యాలిక్యులేటరు తీసి సుద్దముక్క అందుకుంది. మొదటి అంకె వేడితో ఎలా మారుతుందో ఆమెకి కంఠతా వచ్చు, రాసింది. రెండోది రాసింది. మూడోదాని దగ్గర వేలు తప్పు మీట మీద పడింది, తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. లావెల్ గొడుగు పట్టుకునే దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మెన్నా టైపుమిషను వదిలి తలుపు దగ్గరికి వచ్చింది. నాలుగో అంకె పడింది. గట్టిపడి నెమ్మదించే భాగం ఇంత, బలహీనపడి జోరందుకునే భాగం ఇంత. రెండూ కలిపింది. క్యాలిక్యులేటరు చూపించిన దాన్ని నమ్మలేక ఇంకోసారి కలిపి బల్ల మీద రాసింది.

ఒకటి పాయింట్ రెండు ఏడు.

లావెల్ డయల్ దగ్గరికి తనే వెళ్లాడు. వంగి చదివాడు. నల్లబల్ల చూశాడు, మళ్లీ వంగి చదివాడు. "మరి గీత లెక్కన ఈ వేడిలో ఎంత రావాలి?" అని అడిగాడు.

జవాబు ప్రోథెరో గారే చెప్పాలి. ఆయన పైజేబులోని స్కేలు మీద చెయ్యి వేసుకుని, నోట్లోనే లెక్కగట్టుకున్నారు. "పాయింట్ ఏడుకి మించదు. అదీ లాగి పీకితే. అబద్ధం ఆడటానికి లేదు లావెల్, కడ్డీ దాదాపు దానికి రెట్టింపు సాగింది. నా లెక్కతో సందు పెట్టి ఉంటే మీ బ్లేడు సగం జీవితంలోనే కవచం గీరేది." తర్వాత నెరిస్ వైపు తిరిగారు. ఆయన మొహంలో బాధ ఉందేమోనని వెతికిందామె. కొత్త ఆట నేర్పించమని అడిగే పిల్లాడి ఆత్రం కనిపించింది. "మూడో అంకె వేడితో మారే తీరు నాకు నమ్మకంగా లేదు. అక్కడ ఎలా తెచ్చావో మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు."

ఆమె నెమ్మదిగా చెప్పలేకపోయింది. మాటలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. లావెల్ రైలు సంగతి మర్చిపోయి, ఆమె చేతిలోని సుద్దముక్క సగానికి విరిచి తీసుకున్నాడు. నల్లబల్ల మిగిలిన భాగమంతా తుడిచి నిలువెత్తు బ్లేడు బొమ్మ గీశాడు. దాన్ని అడ్డంగా ముక్కలుగా కోశాడు. మొదలు దగ్గర ఇంత వేడి, నడుమ ఇంత, కొసన ఇంత, లాగుడు కూడా ఒక్కో ముక్కకీ ఒక్కో రకం. గీతతో ఎన్నడూ ఇలా ముక్కముక్కకీ విడిగా చూడలేకపోయామని, అన్నిటికీ కలిపి ఒకటే అంకె వాడి భయంకొద్దీ సందు పెంచుకుంటూ పోయామని చెప్పాడు.

"దేనికది చెప్పగలవా?"

నెరిస్ బొమ్మ దగ్గరికి నడిచింది. ముక్క ముక్కకీ నాలుగేసి అంకెలు, వాటన్నిటి సాగుడూ కలిపితే బ్లేడు మొత్తం సాగుడు. గంట గంటకీ, ఏడాది ఏడాదికీ అది ఎలా పొడుగవుతుందో కళ్ల ముందు కదులుతోంది. ఎవరో టీ కప్పు చేతిలో పెట్టారు, పక్కన పెట్టేసింది.

"నడుమ ముక్క అన్నిటికంటే వేడిది కదూ," అంది. "దాంతో మొదలుపెడదాం. అక్కడ వేడి ఎంతన్నారు?"